వెల్ష్ కోసం ఒకటి నొక్కండి

అబెర్‌కైరు,
జనవరి, మంగళవారం

ప్రియమైన అమ్మకు,

నువ్వు పంపిన బారా బ్రీత్ రొట్టె అందింది. పోస్టువాడు ఎక్కడెక్కడ విసిరాడో గానీ అంచులు నలిగాయి, రుచి మాత్రం చెక్కు చెదరలేదు. ఆఫీసుకు పట్టుకెళ్ళి అందరికీ పెట్టాను. అందరూ తిని "వెరీ నైస్" అన్నారు. అమ్మా, నా ఏడుపంతా ఆ "వెరీ నైస్" దగ్గరే ఉంది. ఇన్నాళ్ళూ ఇక్కడంతా బాగుందని నీకు రాస్తూ వచ్చాను. బాగాలేదు.

మా అమ్మాయి వేల్స్ ఉత్తరాదిన కౌన్సిల్లో వెల్ష్ భాషను పెంచే అధికారిణి అని నాన్న గొర్రెల సంతలో కనపడ్డవాడికల్లా చెప్పుకుంటున్నాడు కదా. పెంచడం మాట దేవుడెరుగు, నాతో వెల్ష్ మాట్లాడే మనిషే లేడు ఇక్కడ. వీళ్ళకు రాదనుకునేవు. వీళ్ళు కలలు కనేది కూడా వెల్ష్‌లోనే. నేను తలుపు తీసేదాకా గదిలో గలగలా మాట్లాడుకుంటూనే ఉంటారు. మన దక్షిణాది యాసలో ఒక్క మాట నా నోట్లోంచి రాగానే కుళాయి కట్టేసినట్టు ఆగిపోయి, ఇంగ్లీషులోకి దిగుతారు. "ఇప్పుడు" అనడానికి మనం "నౌర్" అంటాం, వీళ్ళు అవే అక్షరాలను తోకనుంచి చదివి "రువాన్" అంటారు. అంతమాత్రానికి నేనేదో చైనానుంచి దిగినట్టు చూడాలా?

అందరిలోకీ ఇద్వాల్ మరీను. చెత్తబండ్ల విభాగానికి పెద్ద ఆయన. మోట్ అని ఒక కుక్క, ఆఫీసుకు కూడా వెంట తెచ్చుకుంటాడు. కుక్కతో వెల్ష్. లారీ స్టార్టు కాకపోతే దాన్ని తిట్టేది వెల్ష్‌లో. నా వైపు తిరిగేసరికి "గుడ్ మార్నింగ్, హైల్వెన్!" అంటాడు. "నేను వెల్ష్ మాట్లాడతాను" అనే నారింజరంగు బ్యాడ్జీని ఆయన చొక్కాకు గుచ్చింది నేనే. కుక్కపాటి చెయ్యనా అమ్మా నేను?

ఇక నా ఫోను సంగతి. కౌన్సిల్‌కు ఫోన్ చేస్తే "వెల్ష్ కోసం ఒకటి నొక్కండి, ఇంగ్లీషుకు రెండు" అని వస్తుంది. ఒకటి నొక్కితే నా బల్లమీద మోగాలి. ఎవ్వరూ నొక్కరు. ఎందుకని అడిగితే "ఆ ఫోనులో మాట్లాడేది మరీ చాపెల్లో పాస్టరు ప్రసంగాల వెల్ష్ అటగా, మాకు అర్థమై చస్తుందా" అంటారు. మొన్న ఒకాయన నొక్కాడు. వేయించిన చేపల కొట్టు అనుకుని చేశాడు పాపం. చేపలు లేవని చెప్పడానికి మనసొప్పక, ఆయనతో కాసేపు వెల్ష్‌లో చేపల గురించే మాట్లాడాను.

ఈస్టర్‌కు ముందు కమిటీ కూర్చుంటుంది. ఫోన్లు ఇలాగే రాకపోతే ఆ లైను తీసేస్తారు, లైనుతోపాటు నన్నూ. గెంటించుకోవడం ఎందుకు, నేనే రాజీనామా రాసి వచ్చేద్దామనుకుంటున్నాను. నాన్నకు మాత్రం చెప్పకు.

కుక్కకన్నా లోకువైపోయిన నీ కూతురు,
హైల్వెన్

*

పెన్‌లాన్ ఫారం,
శనివారం

ఓసి పిచ్చి మొద్దూ,

నాన్నకు చెప్పొద్దన్నావు. నీ ఉత్తరం విప్పిందే ఆయన. చదివి, టీ కూడా తాగకుండా గొర్రెల దగ్గరకు వెళ్ళిపోయాడు. అంటే బాధపడ్డాడన్నమాట.

పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం ఒక పొట్టేలును కొనడానికి ఆ ఉత్తరాదికే వెళ్ళాం. అమ్మేవాడి యాస మీ నాన్నకు అంతుపట్టలేదు. మీ నాన్నది వాడికి అంతుపట్టలేదు. ఇద్దరూ సిగ్గుపడి ఇంగ్లీషులో బేరమాడుకున్నారు. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే. ఒకదానికని పోయి మూడు పొట్టేళ్ళను తోలుకొచ్చాం. వాటి కొట్లాటకు దొడ్డి కంచె నిలవలేదు.

వాళ్ళు నిన్ను వెలివెయ్యడం లేదే, మర్యాద చేస్తున్నారు. పరాయివాళ్ళతోనేగా మర్యాద! నీతో మర్యాద మరిచిపోయే రోజు రావాలి, అప్పటిదాకా ఓపిక పట్టు. పట్టలేనంటావా, వచ్చెయ్. నీ గది నీకుంది, నాన్న అందులో విత్తనపు బంగాళాదుంపలు పరిచాడంతే. కానీ ఒక్కటి విను. ఆ రాజీనామా వెల్ష్‌లో రాయి. భాషను పెంచడానికి పోయిన పిల్ల ఇంగ్లీషులో సెలవు పుచ్చుకుందని తెలిస్తే నేను చాపెల్లో తలెత్తుకోలేను.

నీ మంచి కోరే, నీమీద ఒళ్ళు మండుతున్న,
అమ్మ

*

అబెర్‌కైరు,
ఆదివారం

బంగారంలాంటి మా అమ్మకు,

ఇది చదివేముందు కుర్చీలో కూర్చో. నాన్నను కూడా కూర్చోబెట్టు, ఎలాగూ విప్పేది ఆయనే.

పోయిన వారం ఇక్కడ మంచు విరగబడింది. చెత్తబండ్లు కదల్లేదు. ఫోన్ చేసినవాళ్ళకు మొదట్లోనే క్షమాపణ వినిపించాలి, వెంటనే రికార్డు చెయ్యమన్నారు. ముందు వెల్ష్, తరవాత ఇంగ్లీషు. మామూలుగా అయితే పదిమందికి చూపించి చేసేదాన్ని. ఆ హడావిడిలో ఎవరినీ అడక్కుండా మన ఇంట్లో అన్నట్టే అనేశాను: "మంచువల్ల మీ చెత్త తీయలేకపోయాం. మీ విషయంలో కౌన్సిల్ చాలా బ్లీన్‌గా ఉంది."

బ్లీన్ అంటే మనకు ఏమిటి? బాధ, విచారం, మన్నించండి అని. పుట్టినప్పటినుంచీ వింటున్న మాట. అదే రోజు నువ్వు చెప్పినట్టే వెల్ష్‌లో రాజీనామా కూడా రాసి, మా విభాగం పెద్ద పారీ మేడమ్ బల్లమీద పెట్టాను. "మిమ్మల్నందరినీ విడిచి వెళ్తున్నందుకు చాలా బ్లీన్‌గా ఉన్నాను" అని ముగించాను. రాస్తూ ఏడ్చాను కూడా.

మర్నాడు పొద్దున్నే నా ఫోన్ మోగింది. చేపల ఆయనేమో అనుకున్నాను. కొండమీద పొలంలో ఉండే గ్లెనిస్ అనే ముసలావిడ. వెల్ష్‌లో, గుక్క తిప్పుకోకుండా:

"ఏమ్మా, చెత్త తియ్యంది మీరు, కంపు మాకు, కోపం మాత్రం మీకా? మా అత్త పోయాక ఈ ఇంట్లో నామీద కోప్పడ్డవాళ్ళే లేరు. ఇన్నేళ్ళకు మళ్ళీ మీరు తయారయ్యారా?"

"కోపమేంటండీ, మేం కోప్పడలేదు."

"ఆ టేపులో పిల్ల చెప్పింది కదా, కౌన్సిల్ చాలా బ్లీన్‌గా ఉందని! నాకు చెవుడనుకున్నావా?"

అప్పుడు వెలిగింది. ఉత్తరాదిన బ్లీన్ అంటే కోపం! చదువుకునేప్పుడు నేర్చుకున్నదే. నోటికి మాత్రం అమ్మ నేర్పిందే వచ్చింది. ఇంగ్లీషులో చక్కగా "సారీ" అనే చెప్పాను గానీ, అక్కడిదాకా ఆగిందెవరు? ఆవిడ పెట్టేయగానే ఇంకొకరు, ఆయన పెట్టేయగానే మరొకరు. లోయ లోయంతా ఒకటి నొక్కింది. పన్ను కట్టడానికి రెండు నొక్కే జనం పోట్లాటకొచ్చేసరికి ఒకటి నొక్కారు. చాపెల్ వెల్ష్ అర్థం కాదన్నవాళ్ళు వాడిన వెల్ష్ చాపెల్లో అంటే కప్పు ఎగిరిపోతుంది. నేను నా యాసలోనే బతిమాలాను. ఒక్కరు కూడా ఇంగ్లీషులోకి మారలేదు.

మధ్యాహ్నానికి ఇద్వాల్ తలుపు తోసుకుని వచ్చాడు, వెనకాల మోట్.

"ఏం చెప్పి చచ్చావే ఆ టేపులో? మా కుర్రాళ్ళు వీధిలోకెళ్తే పారలు పట్టుకుని తరుముతున్నారు!"

నేను ఫోను కింద పెట్టేసి ఆయనకేసి చూశాను.

"ఏంటలా చూస్తావ్?"

"నన్ను వెల్ష్‌లో తిట్టారు మీరు."

"తిట్టడానికి కూడా ఇంగ్లీషు వెతుక్కోమంటావా?" అన్నాడు. అని, ఏం జరిగిందో తనకే తట్టి, టోపీ తీసి కుర్చీలో కూలబడ్డాడు. జరిగిన పొరపాటు చెప్పాను. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఇన్నాళ్ళూ నాతో ఎందుకు మాట్లాడలేదని అడిగేశాను. మొహం ఎర్రబడింది. "నువ్వేమో అధికారిణివి. నాది చెత్తబండి వెల్ష్. తప్పులు దిద్దుతావేమోనని..." అన్నాడు. అమ్మా, నేను లోకువైపోయానని ఇంటికొచ్చి ఏడుస్తుంటే, వాళ్ళు నాకు భయపడుతున్నారట!

ఆ సాయంత్రమే టేపు మార్చడానికి మీటింగు పెట్టారు. క్షమాపణకు ఏ మాట వాడాలి? వాళ్ళ మాట మన వైపు నవ్వులాట, మన మాట వాళ్ళకు పోట్లాట. నిఘంటువులు తెచ్చారు, కేకలు వేసుకున్నారు. చివరికి ఇద్వాల్ అడిగాడు, "మీ ఇంట్లో మామూలుగా ఏమంటారు?" అని. నిజం చెప్పాను, "సారీ అంటాం." "మేమూ అంతే" అన్నాడు. భాషాభివృద్ధి అధికారిణిగా నేను ఆమోదించిన మొదటి వెల్ష్ మాట అది.

లైనుకు ఇక ఢోకా లేదన్నారు. కానీ నా రాజీనామా బల్లమీదే ఉందిగా. శుక్రవారం పారీ మేడమ్ పిలిచింది. ఆ కాగితం ముందు పెట్టుకుని, ఎన్నడూ లేనిది, వెల్ష్‌లో మొదలుపెట్టింది.

"ఇందులో బ్లీన్ అని రాశావు. ఎవరిమీద?"

అది విచారమండీ అని చెప్పబోయాను. కానీ ఇన్ని నెలలు గడప దగ్గర నిలబెట్టి మర్యాద చేశారు కదా, అదంతా ఒక్కసారి గుర్తొచ్చింది. "మీ అందరిమీదా" అన్నాను. ఒక్కొక్కటీ చెప్పాను, కుక్క సంగతితో సహా. ఆవిడ "ఐ యామ్..." అని మొదలుపెట్టి నాలిక కరుచుకుంది. కాగితాన్ని నా వైపు తిప్పింది.

"చూడమ్మా హైల్వెన్, మన కౌన్సిల్ రూలు ఒకటుంది. బాధతో వెళ్ళేవాళ్ళ రాజీనామా వెంటనే తీసుకోవచ్చు. కోపంతో వెళ్ళేవాళ్ళదైతే తీసుకోవడానికి లేదు, ఫిర్యాదుగా రాసుకుని, మనిషిని ఉంచి, తప్పు మేం దిద్దుకోవాలి. అందుకని అడుగుతున్నాను. ఇది మీ దక్షిణాది వెల్ష్‌లో రాశావా, మా ఉత్తరాది వెల్ష్‌లోనా?"

"ఉత్తరాది వెల్ష్‌లోనే రాశానండీ" అన్నాను.

ప్రేమతో, నీ కూతురు,
హైల్వెన్