గేమ్‌లో విన్న కేక

మంగళవారం, రాత్రి.

కత్తులూ గుర్రాలూ ఉన్న ఆ పాతకాలపు గేమ్ ఈరోజే మొదలుపెట్టాను. అందులో నేను ఉత్త కూలిమనిషిని. ఆకలేస్తుంది, గాయమైతే నెత్తురు ఆగదు. అంతా నిజంలాగే ఉంది.

సాయంత్రం దొడ్డి తలుపు గడియపెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గేమ్‌లో అడవి దాటుతున్నాను. ఎవరో కేకేసినట్టయింది. ఆటలోదే అనుకుని చెట్టు చాటున దాక్కున్నాను.

కాసేపటికి నా భుజం మీద చెయ్యి పడింది. హెడ్‌ఫోన్లు తీసి చూస్తే అమ్మ! చీర చిరిగిపోయి ఉంది.

"జీడితోట కాణ్నుంచి ఎలుగుబంటి తరుముకొచ్చిందే. తలుపు తియ్యమని ఎంత అరిసాను! పక్కింటి గోడ దూకి, ఈది గుమ్మంలోంచి వచ్చాను. ఏటి సేత్తన్నావే?"

వెళ్లి తలుపు తీసి చూశాను. దొడ్డి తలుపు మీద గోళ్లతో గీరిన చారలున్నాయి.

ఇప్పుడు అమ్మ నిద్దట్లో నా పేరే పిలుస్తోంది. ఇక్కడే ఉన్నానమ్మా అని చెయ్యి పట్టుకున్నా ఆపడం లేదు...