సగం దీవించిన మినీబస్సు

గృహాధికార వర్గం వారి సముఖానికి బొలీవియా కొపకబానా నుంచి వస్తూ దారిలో ఆగిపోయిన ఎలోయ్ సవినయంగా విన్నవించుకునేది: నేనూ, కొత్తగా కొన్న పాత మినీబస్సూ క్షేమం. అయోమయం ఒక్కటే మిగిలింది.

అమ్మా, నీ ఆజ్ఞ ప్రకారం బండికి పూలదండలు వేసి గుడి ముందు ఫాదర్‌ గారిచేత పవిత్రజలం చల్లించాను. బండికి జ్ఞానతండ్రిగా నిలిచిన సిల్వెరియో మామయ్య ఆచారం ప్రకారం భూమాతకూ చక్రాలకూ బీరు పోసి, నాకూ ఒక గ్లాసు అందించాడు. ప్రయాణికుల బండి నడిపేవాడు చుక్క ముట్టరాదని చట్టం. డ్రైవరు తాగనిదే దీవెన పూర్తికాదని మామయ్య. ఎటూ తోచక నా గ్లాసును ఇంజను మీద పోశాను.

పూలు రాలకుండా మెల్లగా వస్తుంటే టిటికాకా సరస్సు రేవు దగ్గర పోలీసు ఆపాడు.

"నలభైలో పోవచ్చని బోర్డుంది. తాగనోడు ఇంత మెల్లగా పోతాడటయ్యా? పైగా గుప్పుమంటోంది!"

"తాగింది బండి సార్," అన్నాడు మామయ్య. "వీడి మొహానికి అంత అదృష్టం కూడానా!"

గొట్టంలో ఊదితే సున్నా వచ్చింది. బండికి ఎంత వాసన ఉండవచ్చో ఏ నిబంధనలోనూ లేనందున, అది పోయేదాకా కదలవద్దన్నాడు. ఈ కార్డు మన ఊరి బస్సులో పంపుతున్నాను.

అక్కకు నొప్పులు ఇంకా మొదలవలేదు కదా? కాన్పుకు వెళ్తున్నావు కదా, గొర్రెలను ఎవరికి అప్పగించావు? దీవెన సగమేనని నువ్వు బండెక్కకపోతే, అక్క ఎల్ ఆల్టో నగరంలో తోడు లేకుండా కనాలి. పిల్లలకు ముద్దులు. ఇక లాంఛనంగా దాఖలు చేస్తున్న డిమాండ్లు:

1. శుక్రవారం నువ్వు ఈ బండే ఎక్కాలి.

2. దీవెనకు తక్కువైన ఆ గ్లాసు నువ్వే తాగాలి. నడిపేది నువ్వు కాదు కదా.