ముప్పై ఏళ్ళ నిదానం

రేపల్లె,
ఫిబ్రవరి 3, 2025.

ప్రియమైన మోహనకృష్ణకు,

'ప్రియమైన' అని చేతి అలవాటు కొద్దీ వచ్చింది, పొంగిపోకు. ఫోన్లో నిన్ను బ్లాక్ చేశాను, మళ్ళీ తియ్యను. అందుకే ఈ ఉత్తరం.

శనివారం బాపట్లలో, కాలేజీ పాత విద్యార్థుల సభలో మన బ్యాండు 'డెల్టా హామర్' వాయించిందట! నా డ్రమ్ముల మీద ఎవడో సన్నీ అట! మా చర్చి అమ్మాయి రూబీ వీడియో చూపించి, "అన్నయ్యా, మీరు మానేశారా?" అని అడిగింది. ఏం చెప్పమంటావ్? బ్యాండుకి పేరు పెట్టింది ఇద్దరం. నీకొక్కడికే ఎవడు రాసిచ్చాడు?

మనం నెత్తిన పెట్టుకున్న అమెరికా బ్యాండు డస్ట్ హామర్ గుర్తుందా? నాలుగు రికార్డులతో ఊపేశాక, పాడేవాణ్ణి గెంటేసి గిటారువాడు పేరొక్కటీ ఉంచుకున్నాడు. అద్దె గొంతులతో ఊరూరా తిరిగాడు. ఆ వార్త చదివి, తెనాలి స్టేషన్ బెంచీ మీద కూర్చుని వాణ్ణి బండబూతులు తిట్టింది నువ్వే. ఇప్పుడు నువ్వు చేసిందేంటి? సిగ్గుండాలి.

ఇక నీవాడు కాని,
బర్నబాస్

తెనాలి,
ఫిబ్రవరి 9.

ప్రియమైన బర్నబాస్‌కి,

నాదీ అలవాటే, నువ్వూ పొంగిపోకు.

బాపట్ల సభకి ముందు నాలుగు ఆదివారాలు రిహార్సల్‌కి పిలిచాను. ప్రార్థన ఉందన్నావు, పెళ్ళి ఉందన్నావు. సరే, అసలు మాట విను. నీ వాయింపు నిదానం. సన్నీ డస్ట్ హామర్ అసలు పాట వినిపించాడు. మనం వాయించేదానికంటే ఎంత వేగం! ఇదివరకు ఆ పాట ఎక్కడన్నా వేగంగా విని నేనెప్పుడు అడిగినా, "అవి స్టేజీ మీద కంగారుగా వాయించినవిరా, మన కేసెట్టే అసలుది" అని నోరు మూయించావు. తప్పు మనం ఆ కేసెట్టు వేసుకుని నేర్చుకున్న మీ నాన్న శాలేమురాజుగారి టేపురికార్డరుది. ఊరందరి రేడియోలూ బాగుచేసిన మనిషి, సొంత డబ్బా నిదానంగా తిరుగుతుంటే చూసుకోలేదు! తండ్రీకొడుకులు కలిసి నాచేత ముప్పై ఏళ్ళు తప్పు పాట వాయింపించారు.

బాపట్లలో జనం లేచి నిలబడ్డారు. నువ్వుంటే కూర్చునే ఉండేవాళ్ళు.

మోహన్

రేపల్లె,
ఫిబ్రవరి 13.

మోహనకృష్ణకు,

ఈసారి ప్రియమైన లేదు. నన్నేమన్నా పడేవాణ్ణి. చనిపోయిన మా నాన్నని అన్నావు, అందుకు చెబుతున్నాను.

ఆ డబ్బా బంగారంలా తిరిగేది. పదో తరగతి సెలవుల్లో ఆ పాట చివరి సోలోతో మూడు వారాలు కుస్తీ పట్టావు. వేళ్ళు ఆడక, గిటారు మా మంచం మీద పడేసి, "నావల్ల కాదు, ఇక ముట్టుకోను" అని ఏడ్చావు. నువ్వెళ్ళాక డబ్బా విప్పి, మోటారు వెనకాల వేగం మార్చే స్క్రూ తిప్పింది నేనే. మర్నాడు పాట నిదానంగా, శ్రుతి దిగి వచ్చింది. నువ్వు తీగలు వదులు చేసుకుని వాయించి, "వచ్చేసిందిరా!" అని గంతులేశావు. ఆ ముఖం చూశాక మళ్ళీ ఆ స్క్రూ ముట్టుకోవడానికి మనసొప్పలేదు.

నాకు వేగం రాదనుకున్నావా? ముప్పై ఏళ్ళు నీకోసం చేతులు బిగబట్టుకుని వాయించాను. పేరు నువ్వే ఉంచుకో.

బర్నబాస్

తెనాలి,
ఫిబ్రవరి 17.

ప్రియమైన దుర్మార్గుడికి,

ఇన్నేళ్ళు నోరు విప్పలేదేంట్రా? చేతకావడంలేదని మొహం మీద చెబితే ఏడ్చి చచ్చి నేర్చుకునేవాణ్ణి! నాకు రాదని నువ్వే తేల్చేశావా? మూడు రోజులుగా అసలు వేగంతో కూర్చున్నాను. వేళ్ళు బొబ్బలెక్కాయి గానీ రావడంలేదు. కోపం నీ మీదో నా మీదో తెలియడంలేదు. మా ఆవిడ మాధురి అయితే, "అన్నయ్య దగ్గరికన్నా వెళ్ళండి, ఆ గిటారన్నా పారెయ్యండి" అంటోంది.

ఇంకోటి. బాపట్లలో ఆ సోలో నేను వాయించలేదు. సన్నీ ఫోన్లోంచి పెట్టిన అసలు రికార్డు అది. నేను తీగల మీద ఊరికే వేళ్ళు ఆడించాను. జనం లేచింది దానికే. ఆ సిగ్గు దాచుకోవడానికి నిదానం నీదన్నాను. మీ నాన్నగారిని అన్నందుకు నా నోరు పడిపోను.

ఆదివారం మీ ఆరాధన అయ్యేసరికి రేపల్లె స్టేషన్లో దిగుతాను. నీ మీద అరవాల్సింది చాలా ఉంది, తలుపు తియ్యి. ఆ డబ్బా ఉంటే దుమ్ము దులిపి పెట్టు. ఈసారి స్క్రూ నేను తిప్పుతాను, వారానికి కొంచెం చొప్పున. నువ్వు చేతులు బిగబట్టకుండా వాయించు. నేను అందుకోలేకపోతే అందుకోలేదని మొహం మీదే చెప్పు.

తీగలు బిగించుకుంటున్న,
మోహన్