పెరటి మత్తుమొక్కలూ, తమ్ముడు సింహాచలమూ

శ్రీకాకుళం జిల్లా మొగలిపేట కాపురస్తురాలు, కీర్తిశేషులు సూరాడ కూర్మయ్య గారి భార్య, వయసు డెబ్బై దాటిన, ఎండుచేపల వ్యాపారం చేసుకొను సూరాడ గున్నమ్మ అను నేను, తెలివి సక్రమంగా ఉండి, ఎవరి బలవంతమూ ఎవరి తీపిమాటలూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా ఏమనగా:

నాకు బీపీ ఉన్నాది. మోకాళ్ళు లేవు. మతి మాత్రం ఉన్నాది. "మోకాళ్ళు లేవని రాయకూడదమ్మా, కోర్టులో వేరేగా అర్థం చేసుకుంటారు" అన్నాడు ఇది రాస్తున్న లేఖరి జయకృష్ణ. కావున మోకాళ్ళు ఉన్నవి, పనిచేయుట లేదు అని సవరించడమైనది.

1. నేనూ నా భర్తా చేపలమ్మి కట్టుకున్న డాబా ఇల్లు నా తదనంతరం నా కుమారుడు యుగంధర్‌కు, కుమార్తె అర్చనకు సమాన హక్కులతో చెందవలెను. యుగంధర్ విజయనగరంలో సెల్‌ఫోన్ల షాపు నడుపుతున్నాడు. అర్చన శ్రీకాకుళం కాలేజీలో మొక్కల పాఠం చెబుతాది. ఇద్దరూ మంచోళ్ళే. ఒక గదిలో కూర్చుంటే మాత్రం ఫ్యాను స్పీడు దగ్గిర తగువొస్తాది. కావున హాల్లో ఫ్యాను ఎవరికీ ఇవ్వలేదు. నేను పోయిన రోజే విప్పించి గుడికి ఇచ్చేయవలెను.

2. సదరు ఇంటి వెనుక గది, పెరడు, పెరట్లో కుళాయి, నా తమ్ముడు చోడిపల్లి సింహాచలం బతికినంత కాలం అనుభవించవలెను. అతనిని అక్కడినుండి లేపుటకు నా పిల్లలకు గానీ, వారి పిల్లలకు గానీ ఎట్టి హక్కూ లేదు. ఈ షరతు చూసి యుగంధర్ గొడవ చేస్తాడు. కాబట్టి కారణం కూడా రాయమన్నాను. కారణాలు వీలునామాలో అక్కర్లేదు అన్నాడు జయకృష్ణ. నాకు కావాలి అన్నాను.

మా సింహాచలం ఏ పనిలోనూ నిలవలేదు. తెప్ప ఎక్కితే వాంతులు. వల అల్లితే చేపకి బదులు వాడి వేళ్ళే చిక్కుకునేవి. చివరికి సాలూరు పోయి లారీల మీద క్లీనరుగా చేరాడు. కళ్ళు మసకేసి ఆ పనీ పోయింది. పెళ్ళీ కాలేదు. ఒక సంచీతో నా గుమ్మంలో దిగి, "అప్పా, నాలుగు రోజులుంటాను" అన్నాడు. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు.

ఆ సంచీలో విత్తనాల పొట్లం ఒకటి ఉన్నాది. సాలూరులో తోటి డ్రైవరొకడు కొండ మీది గంజాయి విత్తనాలని చెప్పి వీడి వాచీ పుచ్చుకుని ఇచ్చాడట. తొలకరికి వీడు పెరట్లో చల్లేశాడు. మొలకలు జానెడు లేచేసరికి నాకు నవ్వొచ్చింది.

"ఒరే, ఇది గోగురా. నార తీసే గోగు. మన జిల్లాలో చిన్నపిల్లాడికి తెలుసు" అన్నాను.

"గోగులాగే ఉంటాదప్పా. అదే దాని తెలివి" అన్నాడు.

ఆదివారం అర్చన వచ్చి చూసింది. "గంజాయే అయితే జైలుకెళ్తావు మావా. నీ అదృష్టం, ఇది గోగు" అంది. వాడు నమ్మలేదు. మొక్క ఏదన్న సంగతి పక్కనపెట్టి, పెంపకంతో మత్తు పెంచొచ్చా లేదా, అది తేల్చమన్నాడు. అర్చన పాఠం చెప్పినట్టే చెప్పింది. ఏ మొక్కకైనా విత్తనంలో ఎంతుందో అంతేనట. బాగా పెంచితే అక్కడిదాకా వస్తాది, దాటి పోదు. "గోగు విత్తనంలో మత్తు సున్నా మావా. సున్నాని ఎంత పెంచినా సున్నాయే."

"సున్నా నుంచి పెంచినోడే కదమ్మా మొనగాడు!" అన్నాడు వీడు.

ఇక మొదలెట్టాడు. చేపలు కడిగిన నీళ్ళు నా చేతిలోంచి లాక్కుని మొక్కలకి పోసేవాడు. మొక్కకి కోపం వస్తే మత్తెక్కువవుతాదని ఎవడో ఫోనులో చెప్పాడట. పొద్దున్నే లేచి, పళ్ళు తోముకుంటూ వాటిని తిట్టేవాడు. "నువ్వూ ఒక మొక్కవేనేటి? పక్కింటి బెండమొక్క నీకంటే నయం. సిగ్గుండాలి!" పక్కింటి బుజ్జమ్మ తన బెండమొక్కని పొగుడుతున్నాడని మురిసిపోయేది. సాయంత్రం ఫోనులో లారీ హారన్లు మోగించి వాటిని ఉలిక్కిపడేలా చేసేవాడు. నా పెళ్ళి చీర పందిరిలా కట్టి నీడ పట్టాడు. ఆ చీర కూతురికి ఇద్దామనుకున్నాను. ఇప్పుడది ఇచ్చే స్థితిలో లేదు. ఇందుమూలముగా అర్చనకు క్షమాపణ.

మొక్కలు ఏపుగా ఎదిగాయి. నా మరుగుదొడ్డి కప్పు దాటాయి. వాడి ముఖంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు. నడకలో కూడా తేడా వచ్చింది. బుజ్జమ్మ మోకాలి నొప్పికి రెండాకులు నమిలి, రాత్రంతా తేలిపోయానని వీధంతా చెప్పింది. తెల్లారేసరికి మా గుమ్మంలో చెప్పులే చెప్పులు. వాడెవరికీ అమ్మలేదు. "ఇంకా పదునెక్కాలి, ఆగండి" అని పంపేశాడు.

ఎవడో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. ఎస్సై గణపతిరావు గారు జీపులో వచ్చారు. "బాబూ, అది గోగు" అన్నాను. "అందరూ అదే అంటారమ్మా. ల్యాబుకి పంపుతాం, తేలిపోతాది" అన్నారు ఆయన, మర్యాదగానే. అక్కడితో పోయేది. మా వాడు అడ్డొచ్చాడు.

"కాదు సార్, గంజాయే! మా అప్పకి సదువు లేదు. నెమ్మదిగా పీకండి సార్, వేరు తెగితే పవరు పోతాది."

ముద్దాయే అలా అంటుంటే పోలీసులు మాత్రం ఏటి చేస్తారు? మొక్కల్ని కట్టలు కట్టి, వాడిని వాటి పక్కనే కూర్చోబెట్టి తీసుకుపోయారు. ఊరేగింపుకి పోతున్నట్టు చెయ్యూపాడు. నమ్మినదాని కోసం జైలుకి పోయినోళ్ళని విన్నాను గానీ, గోగు కోసం పోయినోణ్ణి వినలేదు.

ములాఖత్తుకి పోతే, చిక్కిపోయి ఉన్నాడు. "రిపోర్టు రానీ అప్పా, ఎంత పవరో అందులో రాస్తారు. జిల్లాలోనే ఫస్టొస్తాను" అన్నాడు. కమ్మీల్లోంచి నా చెయ్యి పట్టుకుని అన్నాడు.

రిపోర్టొచ్చింది. గోగు. మత్తు పదార్థం ఆనవాళ్ళు లేవు. జడ్జిగారు చదివి, కేసు కొట్టేస్తున్నట్టు చెప్పారు. మా లాయరు చేతులు జోడించాడు. సింహాచలం లేచి, "అయ్యా, ఇంకోపాలి టెస్టు సేయించండి. ఎండలో మోసుకొచ్చారు, దిగిపోయుంటాది" అన్నాడు. లాయరు నల్లకోటుతో వాడి నోరు మూశాడు. జడ్జిగారు రిపోర్టు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి మానేశాడు. వీధిలో పిల్లలు 'గోగు మావ' అని పేరెట్టారు. యుగంధర్ వచ్చి, "అమ్మా, పరువు పోతంది, ఈయన్ని ఎక్కడికైనా పంపెయ్" అన్నాడు. మావ వింటున్నాడని తెలిసే అన్నాడు. ఆ రాత్రి చారు కూడా ముట్టలేదు వాడు. నా తమ్ముడు నా కళ్ళ ముందే ఆరిపోతున్నాడని భయం వేసింది.

మరుగుదొడ్డి వెనక పోలీసులు చూడని మొక్క ఒకటి మిగిలింది. అప్పటికి పసుప్పచ్చటి పువ్వు కూడా పూసింది, నడుమ ఎర్రటి బొట్టుతో, అచ్చమైన గోగు పువ్వు. నేను పోయి వాడిని లేపాను.

"ఒరే, ఆ ఆకు తెంపి నాకు టీ కాసియ్."

"గోగాకు టీ ఏటప్పా" అన్నాడు, అటే తిరిగి.

"నువ్వు పెంచిందే కదరా."

లేచాడు. కాశాడు. పుల్లగా, చేపల కంపుతో ఉన్నాది. గ్లాసు ఖాళీ చేశాను. వాడు ఎదురుగా గొంతుక్కూర్చుని, డాక్టరులాగా నా కళ్ళలోకి చూస్తన్నాడు. ఒక కన్ను చూస్తాడు, తరవాత రెండోది చూస్తాడు. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఇంకా వచ్చింది. మా ఆయన పోయిన తరవాత అంతలా నవ్వలేదు నేను. పొట్ట పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

"ఎక్కిందా అప్పా?" అన్నాడు.

"ఎక్కింద్రా" అన్నాను.

ఆ పూట కంచం నిండా అన్నం తిన్నాడు, నెత్తళ్ళ చేపల పులుసుతో.

"నిజంగా ఎక్కిందా అమ్మా?" అని తరవాత అర్చన అడిగింది. అది గోగని నాకు తెలుసు. నవ్వానన్నదీ నిజమే. ఆపైన ఏ ల్యాబుకి పంపుకుంటారో పంపుకోండి.

ఇప్పుడు వాడు వంకాయలు వేస్తన్నాడు. వాటినీ తిడతన్నాడు. చేపనీళ్ళ బలమని అర్చన, తిట్ల బలమని వీడు. వంకాయలు మాత్రం బాగున్నాయి.

3. యుగంధర్ తన మావని 'మావా' అని మాత్రమే పిలవవలెను. ఇద్దరు సాక్షుల ఎదుట 'గోగు' అను మాట ముందు చేర్చిన పక్షంలో, వీధి అరుగు మీద అతని హక్కు రద్దయి అర్చనకు పోవును. ఇది చెల్లదన్నాడు జయకృష్ణ. భయం చెల్లుతుంది, రాయమన్నాను.

4. నా ఇత్తడి బిందె బుజ్జమ్మకు ఇస్తున్నాను. అది చాలా ఏళ్ళుగా ఆవిడ దగ్గరే ఉన్నది కావున అప్పగించవలసిన పని లేదు. ఇంక మేం దొడ్డివైపు తలుపు తీసినప్పుడల్లా ఆవిడ దాన్ని చీర కింద దాచక్కర్లేదు.

5. ఎస్సై గణపతిరావు గారు ఎక్కడ పనిచేస్తున్నా వెతికి, ఆ ఏడాది మంచి నెత్తళ్ళు ఒక బుట్ట ఇవ్వవలెను. సోదా చేసిన రోజున వంటగది గుమ్మం దగ్గిర బూట్లు విప్పి లోపలికి వచ్చారు.

6. ఈ వీలునామాను అమలు జరుపు బాధ్యత అర్చనది. దానికి నా చెవిపోగులు అదనం. యుగంధర్‌కు వాళ్ళ నాన్న గొడుగు. వానలో ఆయన వీణ్ణి భుజాన ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళిన గొడుగు. ఒక ఊచ విరిగింది, బాగుచేయించవద్దు.

7. సింహాచలం నాకంటే ముందు కాలం చేసిన పక్షంలో వెనుక గది, పెరడు ఎవరికి చెందవలెనో రాయాలని, లేకపోతే దస్తావేజు అసంపూర్ణమని లేఖరి చెప్పినాడు. రాయవద్దన్నాను. వాడు ముందు పోడు. పోతే నేను ఊరుకోను.

ఇది నేను చదివించుకుని, విని, ఒప్పుకుని, సొంత చేత్తో చేసిన సంతకం.

మొగలిపేట, 2024 నవంబరు 18.

సూరాడ గున్నమ్మ

సాక్షులు:
1. గరికిన గోవింద్, తెప్పల మేస్త్రి, మొగలిపేట
2. వాసుపల్లి చిన్నతల్లి, అంగన్‌వాడీ ఆయా, మొగలిపేట

వ్రాసినవారు: జయకృష్ణ, దస్తావేజు లేఖరి (అభ్యంతరాలు ఉన్నవి, అమ్మగారు వినలేదు)