పసుపంటిన లేసు

2024 నవంబర్ 12
విజయరాణి మేడమ్ నన్ను తన బృందంలో చేర్చుకున్నారు. హజీరాలో ఇంజినీరు గారి భార్య. పాతకాలపు చేతిపనులు జనం ముందు చేసి చూపించే బృందం నడుపుతారు. ఐదు వందల ఏళ్ల కిందట ఇటలీలో అల్లినలాంటి లేసును ఫిబ్రవరి ప్రదర్శనలో నేను అల్లి చూపాలి. నేను అల్లిన లేసు పట్టీయే అల్లిక దిండు మీద ఉంటుంది.

నవంబర్ 30
పొట్టు నింపిన గట్టి దిండు. దాని మీద చిల్లులు పొడిచిన కాగితం, గుండుసూదులు. దారం చుట్టిన చెక్క బాబిన్లను ఒకదాని మీదుగా ఒకటి దాటించి మెలిపెట్టాలి. ఒకటి తప్పితే అంతా విప్పాలి. ఇవాళంతా విప్పాను.

మా ఆయన సోమలింగం మగ్గాల కార్ఖానా నుంచి వచ్చి చూశాడు. ఏందే గిది, మా మిషన్ మీద చాయ్ తాగొచ్చేలోపల తాన్లకు తాన్లు పడ్తయ్, నువ్వు పొద్దంత కూసుంటే వేలెడు గాలే, అన్నాడు. కోడలు జమున నవ్వింది. నేనూ నవ్వాను.

2025 జనవరి 9
మూరెడు అయింది. ఒకసారి రామ అనుకుంటూ దాటించడం, మళ్లీ రామ అనుకుంటూ మెలిపెట్టడం.

జనవరి 24, శుక్రవారం
తలస్నానం చేసి, పసుపు రాసుకుని, అమ్మవారికి దండం పెట్టి కూర్చున్నాను. చేతులు కడిగాననే అనుకున్నాను. గోళ్ల సందుల్లో మిగిలింది చెమటకు దిగింది. మధ్యాహ్నానికి పట్టీ నడుమంతా పచ్చన.

కంగారులో సబ్బు పెట్టాను. ఎర్రబడింది. ఇన్నేళ్లు పసుపు బట్టలు ఉతికినదాన్ని, నాకు తెలియదా? చేయి ఆగలేదు. ఇంకా రుద్దాను.

జనవరి 26
ఎండకు పెట్టు అత్తమ్మా, పోతది, అంది జమున. రంగు పోయింది. రుద్దుడుకు దారం నూగు లేచి, లేసులో అల్లిన ఆకు బొమ్మలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

జనవరి 27
మళ్లీ మొదలుపెట్టాను. ప్రదర్శనకు ఐదు రోజులే. అయ్యేది కాదు.

జనవరి 29
మేడమ్ కోప్పడలేదు. అయ్యో, పసుపు చేతులతో కూర్చున్నారా అండీ, అన్నారు, అంతే. జానెడైనా లేని పని దగ్గర జనం ఆగరు అన్నారు. సలాబత్‌పురా బజారులో కొన్న మిషన్ లేసు సంచిలోంచి తీశారు. ఇది దిండుకు గుచ్చేద్దాం, మీరు ఊరికే బాబిన్లు కదపండి, అడిగితే మీరే అల్లానని చెప్పండి, అన్నారు. వద్దనాలి. గుండుసూదులు అందించాను.

ఫిబ్రవరి 1
ఆ కాలపు వేషం: పొడుగు గౌను, తలకు తెల్ల గుడ్డ. పొద్దంతా బాబిన్లు కదిపాను.

వరాఛా నుంచి వచ్చిన ఒక గుజరాతీ ముసలామె చాలాసేపు నిలబడింది. తమే బనావ్యుఁ, బెన్? మీరే చేశారా అని అడిగింది. తలూపాను. నా వేళ్లు పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఫిబ్రవరి 2
ఇవాళ అమ్మవారికి దీపం జమునను పెట్టమన్నాను. చేతులు నొప్పులని చెప్పాను.