పార్టీ ఆఫీసుకెక్కిన మన ఇంటి తగువు

ఏక్‌బాల్‌పూర్, కలకత్తా
జూలై 1986

చిరంజీవి సత్యానందానికి,

నీ భార్య విజయ నీతో ఉండాలో లేదో తేల్చవలసింది ఎవరు నాయనా? నువ్వా, ఇక్కడి ఎర్రజెండా పార్టీ ఆఫీసా?

ప్రభువు కృప వల్ల నేను, మీ అమ్మ, విజయ, పాప ఒంట్లో బాగానే ఉన్నాం. విశాఖలో నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. నా మోకాళ్ళ సంగతి అడిగావు. ఆదివారం ప్రసంగం కూర్చునే చెబుతున్నాను. మొన్న మళ్ళీ బంద్. రేవులో ఓడ కదలలేదు. కరెంటు సాయంత్రం పోతే మీ అమ్మ పాపకు విసురుతూనే కునికిపాట్లు పడుతుంది.

ఇంకా సర్కారును తిడుతున్నావా అని అడిగావు. తిట్టే ఓపిక తగ్గింది, నమ్మకం మారలేదు. దొంగను పట్టడం, రోడ్డు వేయడం, సరిహద్దు కాయడం సర్కారు పని. అధికారి చేతిలో ఖడ్గం అందుకేనని పౌలు రోమా సంఘానికి రాశాడు. ఆలుమగల మధ్య కూర్చోవడానికి కాదు. ఇల్లు నిలిస్తేనే దేశం. ఇంటి మగవాడు తప్పుకున్న చోట ఏదో ఒక జెండా వచ్చి కూర్చుంటుంది. ఈ పేటలో గోడ తగువైనా, కాపురం తగువైనా పార్టీ ఆఫీసులోనే తీర్పు. విశ్వాసులెవరూ ఆ గడప తొక్కకూడదని గొంతు చించుకున్నవాణ్ణి నేనే.

"విజయ పార్టీ ఆఫీసుకెక్కి నా పరువు తీసింది" అని రాశావు. ఆమె ఎక్కలేదు. నేనే తీసుకెళ్ళాను.

విజయను, పాపను తీసుకెళ్ళడానికి కంపెనీ క్వార్టర్ రాలేదని నువ్వు రాస్తూనే ఉన్నావు. క్రిస్మస్‌కి ముందే వచ్చిందని నీతో పనిచేసే కామేష్ ఇక్కడికొచ్చి చెప్పాడు. సంఘ పెద్దలను పిలిచాను. వాళ్ళు వెళ్ళాక విజయ అంది: "మావయ్యా, ఆల్లు పార్దన సేసీసి, టీ తాగీసి ఎల్లిపోనారు. మీ కొడుక్కి ఒక్క ముక్క రాయమంటే ఎవులూ రాయనేదు."

బైబిలు చంకన పెట్టుకుని, ఆమెను వెంటబెట్టుకుని పార్టీ ఆఫీసుకు నడిచాను.

అక్కడి సెక్రటరీ మన శ్రీకాకుళం రఘురామే. "ఏటి పాస్టర్ దాదా! పెసంగాల్లో మమ్మల్ని సైతాన్లన్నారు, ఈయేల దారి తప్పినారేటి?" అని నవ్వాడు. నవ్వినా కుర్చీ వేశాడు. విజయ చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నాడు. మన పెద్దలు అంతసేపు వినలేదు. నాకు గుచ్చుకున్నది అదే.

"ఈ నెలాకరు ఆదివారంలోగా మీవోడు రాకపోతే అమ్మికి ఏరే గది సూపిస్తాం, కుట్టుపనిలో పెడతాం. మీరు అడ్డు రాకండి" అన్నాడు. విజయ తలూపింది. ఆ ఆదివారం దగ్గరపడింది, నిన్ననే పెట్టె సర్దుకుంది. పాపనూ తీసుకుపోతుంది.

ఇంటివారిని చూసుకోనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని తిమోతి పత్రికలో ఉంది. ఇన్నేళ్ళూ పరాయివాళ్ళకే చదివి వినిపించాను. ఇప్పుడు నీకు చదువుతున్నాను.

ఈ ఉత్తరం సెలవు అయిపోయి విశాఖ తిరిగొస్తున్న కామేష్ చేతికే ఇస్తున్నాను. దీనికి జవాబు రాయకు. చదివిన చోటే సెలవడుగు, ఇవ్వకపోతే ఉద్యోగం వదిలెయ్. రేపు అనకు సత్యం, ఈ పూటే హౌరా బండి ఎక్కు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే నాన్న,
దయారత్నం