ఎస్‌తో సంద్రకళ

జూన్ 8, 2009, సోమవారం

ఇంటి చుట్టూ జీడితోట. ఉప్మాలో మాత్రం ఒక్కటే జీడిపప్పు. అదీ సగం బద్ద. ఇదేం న్యాయమని అడిగాను. "నమల్డానికి నీకు పళ్లున్నాయేటి?" అంది మా దాలమ్మ. మూడున్నాయి. బద్దకి మూడు చాలు. పెళ్లయి యాభై ఏళ్లు, ఒక్కసారైనా నా మాట నెగ్గితే ఒట్టు.

మనవరాలు చంద్రకళకి వాళ్ల మేనమామ పలాస నుంచి తన పాత ఫోను పంపాడు. స్మార్ట్ ఫోనట. బటన్లన్నీ పెసరగింజలంత. దీంట్లోకి మెయిలు కూడా వస్తుందట. పొద్దుటి నుంచి చూస్తున్నాం... రాలేదు.

రావలసింది మాత్రం మామూలు మెయిలు కాదు. విశాఖపట్నంలో నర్సు శిక్షణ, దాని ఇంటర్వ్యూకి పిలుపు. ఫోను చేసి అడిగితే — మెయిల్లో పంపేశాం, పంతొమ్మిదో తారీఖులోగా మెయిల్లోనే జవాబివ్వండి, లేకపోతే సీటు ఇంకొకరికి — అని పెట్టేశారు.

జూన్ 9

మా ఊళ్లో సిగ్నలు ఇంటికి రాదు. మనమే ఇసుక దిబ్బ ఎక్కి దాన్ని పలకరించాలి. పిల్ల పైన, నేను కింద పడవ నీడలో.

"నెట్టు రాటం నేదు తాతా!"

"బేటరీ తీసి, పంచితో తుడిసి పెట్టు. మన రేడియోకి అదే మందు."

"ఇది రేడియో కాదు తాతా."

అంటూనే తీసింది, తుడిచింది, పెట్టింది. ఫోను బతికింది. కాకపోతే తారీఖు మరచిపోయింది. దానికీ నా వయసే అన్నమాట.

జూన్ 11

టెక్కలి నెట్ సెంటరు భాస్కరానికి ఫోను. వరసకి నాకు అల్లుడు, మావా అంటాడు. ఫోను కంపెనీకి మెసేజీ పెడితే సెట్టింగులు పంపుతారు, దాచుకోండి చాలు అన్నాడు. పెట్టాం. వచ్చాయి. దాచాం.

నెట్టు తెరుచుకుంది! ఏదో ఊరి వాతావరణమట, మబ్బుల బొమ్మ. మా నెత్తిన ఎండ. అయినా దిబ్బ మీద ఇద్దరం గెంతాం. దాలమ్మ కింద నుంచి — "ముసిలోడా, నడుం జాగర్త!"

మెయిలు మాత్రం తెరుచుకోలేదు. పేరైనా తప్పు, పాస్‌వర్డైనా తప్పు అంటోంది.

జూన్ 12

మళ్లీ తప్పు అంది. ఏది తప్పో చెప్పదు. మా మాస్టారే నయం — కొట్టినా, ఏ అక్షరానికి కొట్టాడో చెప్పేవాడు.

జూన్ 13, శనివారం

ఈ మెయిలు తెరిపించింది నేనే. మార్చిలో పిల్లకి ఇంటరు పరీక్షలు. దాని బదులు నేను టెక్కలి వెళ్లాను. భాస్కరం అడగడం, నేను చెప్పడం. దరఖాస్తు కూడా వాడే అక్కడి కంప్యూటర్లో నింపాడు. అన్నీ ఒక చీటీ మీద రాసిచ్చాడు. ఇంటికొచ్చి పిల్లకి నోటితోనే చెప్పాను — నీ పేరే, వెనకాల తొంభై ఒకటి. పాస్‌వర్డు నీ పుట్టినరోజు.

చీటీ ఏది తాతా అంటోంది. ఎక్కడో ఉంది.

జూన్ 14, ఆదివారం

దొంగ దొరికాడు. ఆ దొంగ నా నోరే.

దిబ్బ మీద ఫోను స్పీకర్లో భాస్కరం — "పేరు ఒక్కో అచ్చరం సెప్పమ్మా."

"సి... హెచ్... ఎ..."

"ఆగాగు. సి ఏటి? ఎస్ గదా కొట్టేను."

"ఎస్సేటి మావయ్యా? నా పేరు చంద్రకళ!"

"మీ తాత సంద్రకళ అన్నాడమ్మా. సంద్రం ఒడ్డునోల్లు గదా, సంద్రం పేరే పెట్టుకున్నారనుకున్నాను."

పిల్ల నా వైపు తిరిగింది. దాని కళ్లలో ఒకేసారి కోపం, నవ్వు.

"పుట్టిన కాణ్నుంచి సంద్రీ అనే పిలుత్తన్నాను. నువ్వేనాడైనా పలక్కుండా ఉన్నావేటి?" అన్నాను.

నిజం చెప్పుకోవాలంటే, నా చేతికి చ వస్తుంది. ఐదో తరగతి దాకా వేళ్ల మీద బెత్తంతో కొట్టి నేర్పిన చ అది. నోటికి మాత్రం ఎవరూ బెత్తం పెట్టలేదు. అది స అనే అంటుంది. ఇప్పుడు ఆ స విశాఖపట్నం దాకా వెళ్లి కూర్చుంది.

ఎస్ పెట్టి కొట్టింది. పేరు ఇప్పుడు సరైనదే, అయినా తెరుచుకోలేదు. అంటే పాస్‌వర్డు తప్పు...

జూన్ 15, సోమవారం

చీటీ దొరికింది. నా తెల్ల చొక్కా జేబులో. దాలమ్మ ఎన్నిసార్లు ఉతికిందో — అటుకుల ముద్ద. ఏం కొట్టాడో భాస్కరానికీ గుర్తు లేదట. పాస్‌వర్డు పుట్టినరోజే అని నేనూ, కాదని ఫోనూ.

మరిచిపోతే ఇంకో దారి ఉందట. తెరిచినప్పుడు ఒక ప్రశ్నకి జవాబు ఇచ్చి ఉంటాం. అదే జవాబు మళ్లీ చెబితే తలుపు తీస్తారు. నొక్కింది. ప్రశ్న వచ్చింది. పిల్ల పైకే చదివింది —

"మీ పెంపుడు జంతువు పేరేటి? తాతా, ఏటి సెప్పేవు?"

ఓరగా పక్కకి చూశాను. దాలమ్మ పక్కనే. ఇవాళే ఆవిడకి దిబ్బ ఎక్కాలనిపించాలా!

"గుర్తు నేదే" అన్నాను.

"మేక పేరెట్టుంతాడు, రాణి" అంది దాలమ్మ. రాణి కాదు. కుక్క టైగరు. అదీ కాదు. "సచ్చిపోనాది సూడు, మన ఎర్ర గిత్త... ఆ పేరెట్టే." నేను సముద్రం కేసి చూస్తున్నాను. "ఏటయ్యా, నోట్లో బెల్లం ముక్కెట్టుకున్నావేటి?"

మూడు తప్పులు. ఒక రోజు ఆగమంది ఫోను.

పిల్ల దిబ్బ మీదే కూర్చుని కాలి బొటనవేలితో ఇసుక గీకుతోంది. అరిచి తిట్టినా బాగుండేది.

జూన్ 16

ఎండ. పని లేదు. తిండి సహించలేదు. ఉప్మాలో నాలుగు పప్పులున్నాయి, అయినా.

మా తమ్ముణ్ణి రక్తం శుద్ధి చేయించడానికి విశాఖ తీసుకెళ్లినప్పుడల్లా ఈ పిల్ల తోడొచ్చేది. మిషను దగ్గర నర్సమ్మ ఏ గొట్టం ఎక్కడ పెడుతోందో రెప్ప వేయకుండా చూసేది. "ఇంత దూరం రాకుండా మనూల్లోనే ఈ పని తెలిసినోల్లు ఒకరుంటే సాలు గదా తాతా" అనేది. తమ్ముడు పోయాడు. దాని మాట పోలేదు. రెండిళ్ల అవతలే ఇంకొకాయన కాళ్లు వాచి మంచం మీద ఉన్నాడు.

జవాబు నాకు తెలుసు. చెప్పాలంటే దాలమ్మ లేని చోటు కావాలి.

జూన్ 17, బుధవారం

టెక్కలి బస్సు. పిల్ల కిటికీ పక్కన, నేను జనం మధ్య నలిగి. దాలమ్మ కూడా బయలుదేరబోయింది. "నీకు బస్సు పడదు గదేటి, వాంతులవుతాయి" అన్నాను. "ఎప్పుడూ నేని ప్రేమ!" అంది, అనుమానంగా.

నెట్ సెంటర్లో పిల్లని సోడా తెమ్మని పంపాను. భాస్కరం చెవి దగ్గరికి లాగి జవాబు చెప్పాను. మార్చిలో కొట్టింది వాడే, బుర్రకెక్కింది మాత్రం ఇప్పుడే. వాడు నన్ను చూశాడు. కంప్యూటర్ని చూశాడు. బల్ల మీద తల పెట్టి భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వాడు. "కొట్టరా బాబూ, పిల్లొచ్చేత్తాది" అని గడ్డం పట్టుకున్నాను.

కొట్టాడు. తెరుచుకుంది.

పిల్ల సోడాలతో వచ్చేసరికి విశాఖ ఉత్తరం ఎదురుగా ఉంది. పైన 'డియర్ సంద్రకళ' అని ఇంగ్లీషులో. ఎస్‌తో. ఇరవై రెండున ఇంటర్వ్యూ. సోడా చేతిలోనే పెట్టుకుని మూడుసార్లు చదివింది. వస్తున్నానని రాసింది, తన పేరులో సి అని కూడా రాసింది. పాస్‌వర్డు మార్చింది. ఫోన్లోనూ పెట్టించుకుంది.

"ఏలగ తెరిసేరు మావయ్యా?"

"మీ తాతకి గుర్తొచ్చేసిందమ్మా" — మళ్లీ బల్ల మీద తల.

జూన్ 19

దిబ్బ మీద టింగుమంది. మీ జవాబు అందిందట. పేరు కూడా దిద్దారట. పిల్ల ఫోనుని ముద్దు పెట్టుకుంది. నాకు పెట్టలేదు.

జూన్ 22, సోమవారం

విశాఖ రైలెక్కడానికి తెల్లారే పలాస వెళ్లారు, పిల్లా, దాని నాన్న మావాడూ. వెళ్లేముందు కాళ్లకి దణ్ణం పెట్టింది. "ఆల్లు పేరడిగితే చ అను, నాలాగ స అనీకు" అన్నాను. "నాను స అనే అంతాను తాతా, ఏటవుద్ది?" అంది. పంచెతో ఫోను తుడిచి దాని చేతిలో పెట్టాను.

జూన్ 23

పిల్ల తిరిగొచ్చింది. మిషను గురించి అడిగారట. చూసినదంతా చెప్పిందట. ఒక పెద్ద నర్సమ్మ, నీకెవరు నేర్పారు అందట. మా చిన్నతాత అందట.

శనివారం మెయిలు పెడతామన్నారు.

జూన్ 27, శనివారం

పొద్దుటి నుంచి దిబ్బ మీదే ఉంది. ఫోను రెండు చేతులతో పట్టుకుని, గువ్వపిల్లని పట్టుకున్నట్టు. ఇప్పటికి రెండు టింగులు. రెండూ కంపెనీవాళ్ల ప్రకటనలు.

దాలమ్మ అరుగు మీద నెత్తళ్లు శుభ్రం చేస్తోంది. ఇవాళకి ఐదోసారి — "ఇంతకీ ఆ జంతువేటయ్యా? మనింట్లో నాకు తెలీని జంతువేటున్నాది?"

"పాతది. ఇంకా బతికే ఉంది" అన్నాను.

"కరుత్తాదేటి?"

"అప్పుడప్పుడు."

చేప పట్టుకుని ఆగిపోయింది. నన్నే చూస్తోంది. చదువు రాదు గనక ఈ పుస్తకం జోలికి రాదు. పిల్ల దిగేలోపు రాసేస్తాను. మార్చిలో భాస్కరం ఆ ప్రశ్న అడిగిన రోజు పొద్దున్నే ఉప్మా దగ్గర మా ఇద్దరికీ పెద్ద యుద్ధం. పెంపుడు జంతువు పేరేమిటి మావా అన్నాడు. నవ్వకుండా, రెప్ప కూడా వేయకుండా చెప్పాను — దాలమ్మ.